నిర్వాసితులకు సాయం: అపోహలు – వాస్తవాలు

మోటు దగ్గర శబరి, సీలేరు కలిసేచోట ఒడిశా, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్ మూడూ ఎదురుబొదురుగా ఉంటాయి. మా మల్కన్‌గిరి జిల్లాలో ఈ సేవలోకి వచ్చే తెలుగు కుర్రాళ్లు తరచూ చెప్పే మాటలు ఇవి.

అపోహ: ఇల్లు, పొలం ఇస్తే స్థిరపడినట్టే.

కాదనడానికి మా జిల్లాయే సాక్ష్యం. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థుల కోసం కేంద్రం 1958లో దండకారణ్య ప్రాజెక్టు మొదలుపెట్టింది. ఇక్కడి వాళ్ల ఊళ్లకు నేటికీ ఎం.వి. (మల్కన్‌గిరి విలేజ్) అనే రెండక్షరాలు, పక్కన ఓ అంకె, అదే పేరు. అడవి కొట్టి పొలాలిచ్చారు. వచ్చినవాళ్లేమో నదుల మధ్య వరి పండించి, చేపలు పట్టి బతికినవాళ్లు. చేతికొచ్చింది వానే దిక్కైన మెట్టనేల. 1978లో దండకారణ్యం నుంచి వేలాది కుటుంబాలు సుందర్‌బన్స్‌లోని మరిచ్‌ఝాపీకి వెళ్లిపోయాయి. 1979లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం వాళ్లను అక్కడి నుంచి బలవంతంగా ఖాళీ చేయించింది. ఇక్కడే ఉండిపోయినవాళ్ల కూరగాయలు, చేపలు లేని సంతను ఇవాళ మేం ఊహించలేం. కాబట్టి వచ్చినవారిని మొదట అడగాల్సింది ‘మీకేం పని వచ్చు?’ అని.

ఇందులో రెండో వైపు కూడా ఉంది. ఆ కొట్టేసిన అడవి కోయలు, ఇతర ఆదివాసులు తరతరాలుగా తమదనుకున్నది. ‘స్థానికులు ఓర్వలేరు’ అని విసుక్కునేవారు ఆ సంగతి మరిచిపోతారు. కొత్తవారి దగ్గరకు వెళ్లేముందు పాత ఊరి పెద్దల దగ్గర కూర్చోండి. బోరు వేయిస్తే రెండు వాడలకూ నీళ్లు అందేచోట వేయించండి.

అపోహ: ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా వైపు నుంచి వచ్చినవారూ శరణార్థులే.

కాదు. 2005 తర్వాత సల్వా జుడుం (ప్రభుత్వ అండతో నడిచిన మావోయిస్టు వ్యతిరేక దళాలు), మావోయిస్టుల మధ్య నలిగి ఊళ్లు వదిలిన ఆ ఆదివాసులు భారత పౌరులు. దేశం లోపలే నిర్వాసితులయ్యారు. ఈ తేడా తెలియకపోతే తప్పుడు కార్యాలయం చుట్టూ తిరుగుతారు. ఒడిశాలోనే గజపతి జిల్లా చంద్రగిరిలో 1963 నుంచి ఉన్న టిబెటన్ శరణార్థులకు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు గడువు చూసుకోవడం ముఖ్యం. సుక్మావారికి ఆ గొడవే లేదు. ఛత్తీస్‌గఢ్ రేషన్ కార్డు ఉంటే, ‘ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు’ కింద వేలిముద్ర వేసి కేంద్ర కోటా బియ్యం ఇక్కడే తీసుకోవచ్చు. చిక్కంతా కుల ధ్రువపత్రంతో. ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినంత మాత్రాన ఇంకో రాష్ట్రంలో ఆ హోదా దానంతటదే రాదు.

పేర్ల విషయంలో మరీ జాగ్రత్త. ఆధార్‌లో ‘కవాసి’ అని ఉన్న ఇంటిపేరును బడిలోని ఒడియా రిజిస్టరులో ‘కబాసి’ అని రాస్తారు. ‘మడకం’ కాస్తా ‘మడకామి’ అవుతుంది. గుమాస్తా తప్పేమీ లేదు, అక్కడ అందరూ అలాగే రాస్తారు. అయినా నాలుగేళ్ల తర్వాత స్కాలర్‌షిప్పు ఆగేది అక్కడే. పిల్లల్ని బడిలో చేర్చిన రోజునే రిజిస్టరు మీ కళ్లతో చూసి, ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి.

అపోహ: టీసీ, పుట్టినతేదీ పత్రం లేకపోతే బడిలో చేర్చుకోరు.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను వయసు పత్రం లేదని వెనక్కి పంపకూడదు. వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. హెడ్మాస్టరుతో వాదన వద్దు, ఆ చట్టం ప్రతి ఒకటి చేతికివ్వండి.

అపోహ: పాత బట్టలు ఎన్ని ఇచ్చినా మంచిదే.

చిరిగినవి మీ ఇంట్లోనే ఉంచుకోండి.

అపోహ: పిల్లలకు ఒడియా వస్తుంది, ఆసుపత్రిలో వాళ్లే చెబుతారు.

తల్లి రక్తస్రావం గురించి పదేళ్ల కొడుకు డాక్టరుకు వివరించాలా? ఆమె సిగ్గుతో సగం దాస్తుంది, వాడు సగం మింగేస్తాడు. భద్రాచలం తీసుకెళ్లినా ఇదే తంతు, అక్కడ తెలుగు. రెండు భాషలూ వచ్చిన పెద్ద మనిషిని, వీలైతే ఆడమనిషిని, వెంట పంపండి.

అపోహ: జరిగిందంతా చెప్పిస్తే మనసు తేలికవుతుంది.

తవ్వకండి. రేషన్ దుకాణం ఏ రోజు తెరుస్తారో, ఆశా కార్యకర్త ఇల్లు ఎక్కడో ముందు చెప్పండి. వాళ్లంతట వాళ్లు మాట్లాడితే వినండి. అప్పుడు మాత్రం ఫోను జేబులోంచి తీయకండి.