బీచ్‌కి తీసుకెళ్తా గానీ ముందు ఇది చదవండి

ఒరేయ్ బుజ్జిగా, చిట్టితల్లీ,

దసరా సెలవులకి వైజాగ్ వస్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రైలు దిగగానే ఆర్కే బీచ్ అంటారని తెలుసు, తీసుకెళ్తాను, కాకపోతే ముందు ఓ పది నిమిషాలు బీచ్ రోడ్డు గోడ మీద కూర్చుని మురీ మిక్చర్ తింటూ సముద్రాన్ని చూడాలి, నీళ్ళలోకి ఆ తర్వాతే.

ప్రమాదం ఎక్కడుందో పైనుంచి చూస్తేనే తెలుస్తుందిరా. కెరటాలు వరసగా తెల్లగా విరుగుతుంటాయి, మధ్యలో ఒకచోట మాత్రం విరగవు, అక్కడ నీళ్ళు ముదురు రంగులోనో ఇసక కలిసి బురదగానో ఉంటాయి, నురగ, చెత్త ఒడ్డుకి రాకుండా లోపలికి పోతుంటాయి. అబ్బ ఇక్కడ నెమ్మదిగా ఉంది, పిల్లల్ని ఇక్కడ దింపుదాం అంటారు పెద్దాళ్ళు కూడా. అదే అసలు తంటా, దాన్నే రిప్ కరెంట్ అంటారు.

కెరటాలు మోసుకొచ్చిన నీళ్ళన్నీ మళ్ళీ వెనక్కి పోవాలిగా. నీళ్ళ కింద ఇసక మేటలు గట్టులా అడ్డముంటాయి, వాటికి ఎక్కడ గండి పడితే అక్కడ్నుంచి చెరువు తెగినట్టు తోసుకుపోతాయి. ఆ గండి లోతుగా ఉంటుంది కాబట్టే పైన కెరటం విరగదు. గట్టి రిప్ సెకనుకి 2 మీటర్లు కూడా పోతుంది, ఒలింపిక్స్‌లో 100 మీటర్లు ఈదేవాళ్ళ స్పీడే దాదాపు అంత, మరి మీ అపార్ట్‌మెంట్ పూల్‌లో నేర్చిన ఈత ఎంత? పైగా మేటలు కదులుతుంటాయి, నిన్న బాగున్న చోటు ఇవాళ ఉండదు.

నేను కాలేజీలో ఉండగా ఇక్కడి యారాడ బీచ్‌లో ఇలాంటి రిప్‌లోనే ఇరుక్కున్నా (మీ అమ్మమ్మకి ఇప్పటికీ చెప్పలేదు, మీరూ చెప్పకండి). ఒడ్డుకేసి ఎంత ఈదినా ఒడ్డు దూరమైపోతోంది, చేతులు పడిపోయాయి, అప్పుడు వల సర్దుకుంటున్న ఒకాయన పక్కకి ఈదు బాబూ పక్కకి అని అరిచాడు. అలా ఒడ్డు వెంబడే పక్కకి పోయాక లాగుడు తగ్గింది, మిగతాది కెరటాలే తోసేశాయి. రిప్ మనల్ని కిందకి లాగదు, దూరంగా మోసుకుపోతుందంతే, కాబట్టి ఓపిక లేకపోతే వెల్లకిలా తేలి చెయ్యెత్తి అరవండి.

ఎవరైనా కొట్టుకుపోతుంటే హీరోలా దూకేయకండి, అలా దూకినవాళ్ళూ పోతుంటారు. ఖాళీ వాటర్ క్యాన్, బంతి, తేలేది ఏదుంటే అది విసరండి, లైఫ్‌గార్డుని కేకెయ్యండి, 112కి ఫోన్ చెయ్యండి.

మీ హైదరాబాద్‌లో సముద్రం లేదు గానీ సముద్రాన్ని కనిపెట్టుకుని ఉండే ఇన్‌కాయిస్ ఆఫీసు మాత్రం మీ ఊళ్ళోనే ఉంది, పెద్ద కెరటాలొస్తాయంటే వాళ్ళే అలర్ట్ ఇస్తారు. ఆ రోజు మాత్రం మిక్చర్ తిని ఇంటికొచ్చేయడమే, ఏడ్చినా సరే.

పాత బట్టలు రెండు జతలు ఎక్కువ పెట్టుకోండి.

మీ తాతయ్య