ఇండీ బ్యాండ్ అంటే గరుకు సౌండేనా? ఫుగాజీ గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో చిన్న రికార్డింగ్ స్టూడియో నడుపుతున్నాను. వచ్చే కాలేజీ బ్యాండ్లలో చాలామంది మొదటి రోజే ఒక మాట అంటారు. "అన్నా, మాది ఇండీ బ్యాండ్. కాస్త రఫ్‌గా ఉన్నా పర్లేదు." ఇండీ అంటే పెద్ద మ్యూజిక్ కంపెనీల మీద ఆధారపడకుండా సొంతంగా పాటలు చేసుకునేవాళ్లు. వెంటనే ఫుగాజీ పేరు కూడా చెబుతారు. ఆ పేరు ఎత్తకపోతే నాకూ కోపం వచ్చేది కాదు.

తెలియనివాళ్ల కోసం: ఫుగాజీ 1987లో వాషింగ్టన్ నగరంలో మొదలైన నలుగురి బ్యాండ్. ఇయాన్ మెకాయ్, గై పిచొట్టో గిటార్లు వాయిస్తూ పాడతారు. బేస్ జో లాలీ, డ్రమ్స్ బ్రెండన్ కాంటీ. మెకాయ్ తన స్నేహితుడు జెఫ్ నెల్సన్‌తో కలిసి 1980లో పెట్టిన డిస్కార్డ్ అనే లేబుల్ (రికార్డులు విడుదల చేసే సంస్థ) మీదే వాళ్ల ఆల్బమ్‌లన్నీ వచ్చాయి.

అపోహ: సొంత లేబుల్ కాబట్టి ఏదో ఒక గదిలో గబగబా వాయించి పడేశారు.

వాస్తవం: గది మాట కొంత నిజమే. వాళ్లు ఎక్కువగా రికార్డ్ చేసిన ఇన్నర్ ఇయర్ స్టూడియో, ఆర్లింగ్టన్‌లో డాన్ జియెంటారా అనే ఇంజినీర్ ఇంటి బేస్‌మెంట్‌లో మొదలైంది. గబగబా అన్నదే తప్పు. 1990లో వచ్చిన 'రిపీటర్' ఆల్బమ్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మొదటి ఈపీల (ఆల్బమ్ కన్నా చిన్న రికార్డుల) నాటికి పిచొట్టో ప్రధానంగా గాయకుడే, గిటార్ పని మెకాయ్‌ది. 'రిపీటర్' నుంచి రెండు గిటార్లయ్యాయి. రెండూ ఒకే మాట చెప్పవు. ఒకటి మోగుతుంటే రెండోది తప్పుకుంటుంది, లేదా పై శ్రుతిలో గీరుతుంది. మధ్యలో మిగిలిన చోట జో లాలీ బేస్ పాటను నడిపిస్తుంది. ఇది విడివిడిగా రికార్డ్ చేసినవాటిని కలిపే మిక్సింగ్‌లో వచ్చేది కాదు, రిహార్సల్‌లో తేలాల్సింది. మా దగ్గర ఇద్దరు కుర్రాళ్లు ఒకే కార్డ్‌ని (స్వరాల గుత్తిని), ఒకే డిస్టార్షన్‌తో (గరుకు మోతతో), గిటార్ మెడ మీద ఒకే చోట వాయించి "అన్నా, మిక్స్‌లో విడదీసెయ్" అంటారు. ఆవకాయ జాడీలోంచి ఉప్పు వేరుగా, కారం వేరుగా తీసివ్వమన్నట్టే.

అపోహ: '13 సాంగ్స్' వాళ్ల మొదటి ఆల్బమ్.

వాస్తవం: కాదు. ఏడు పాటల ఈపీ ఒకటి, ఆరు పాటల 'మార్జిన్ వాకర్' ఒకటి, రెండూ కలిపి వేసిన సీడీ అది. 'మార్జిన్ వాకర్' కథ మాత్రం చెప్పాలి. 1988 చివర్లో యూరప్ టూర్ ముగించుకుని లండన్‌లో జాన్ లోడర్ స్టూడియోకి వెళ్లారు. పూర్తి ఆల్బమ్ చేద్దామని కూర్చుని చివరికి ఈపీతో సరిపెట్టారు. షో చేసి రాత్రంతా బస్సులో వచ్చి తెల్లారే మైక్ ముందు నిలబడతామనే బ్యాండ్లకు నేను ఈ కథే చెబుతాను. ఎవరూ వినరు, అది వేరే సంగతి.

అపోహ: పేరున్న ఇంజినీర్ దొరికితే సగం పని అయిపోయినట్టే.

వాస్తవం: 1992లో ఫుగాజీ షికాగో వెళ్లి స్టీవ్ ఆల్బినీ దగ్గర రికార్డ్ చేసింది. ఆల్బినీ అంటే మా వృత్తిలో పెద్ద పేరు. రాయల్టీ (అమ్మకాల్లో వాటా) ముట్టుకునేవాడు కాదు, పనికి ఇంత అని తీసుకునేవాడు. ఫుగాజీ వాళ్లకూ అతనికీ మంచి స్నేహం, సరదాగా గడిచిన సెషన్. తీరా ఇంటికొచ్చి టేపులు వింటే పాటల్లో ఊపు లేదు. పక్కన పెట్టేశారు. ఇన్నర్ ఇయర్‌కి తిరిగొచ్చి టెడ్ నైస్లీ ప్రొడ్యూసర్‌గా (రికార్డింగ్‌ని దగ్గరుండి నడిపించే మనిషిగా) మళ్లీ మొదటి నుంచి చేశారు. 1993లో వచ్చిన 'ఇన్ ఆన్ ది కిల్ టేకర్' అదే. అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల చార్టులో 153వ స్థానం దాకా వెళ్లింది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. స్టూడియో పెద్ద స్పీకర్లలో, అర్ధరాత్రి, పక్కన స్నేహితులుండగా ఏ టేక్ అయినా అద్భుతంగానే ఉంటుంది. రెండు రోజులాగి కారులో వినాలి. నచ్చకపోతే పారేసే ధైర్యం కావాలి, ఆ ధైర్యానికి డబ్బు కావాలి. నాకు తెలిసిన ఒక బ్యాండ్ పొదుపు చేసిందంతా వేరే ఊళ్లో ఒక పేరున్న ఇంజినీర్‌కి ఇచ్చి వచ్చింది. పాటలు వాళ్లకే నచ్చలేదు. మళ్లీ చేయడానికి చేతిలో పైసా లేదు. అలాగే విడుదల చేశారు.

అపోహ: 5 డాలర్ల టికెట్, టీషర్టులు అమ్మకపోవడం... అదంతా త్యాగం.

వాస్తవం: దాని వెనక పక్కా లెక్కలున్నాయి. మేనేజర్ లేడు, షోల బుకింగ్ మెకాయే చూసుకునేవాడు. డిస్కార్డ్‌లో ఒప్పంద పత్రాలు ఉండవు. ఖర్చులు పోగా మిగిలింది పంచుకుంటారు. దుకాణాలు రేటు పెంచకుండా పోస్టు ఖర్చుతో సహా ధర రికార్డు అట్ట మీదే అచ్చేసేవారు. అన్ని వయసులవాళ్లూ రావాలన్న షరతు కూడా ఉండేది, అందుకే చర్చి హాళ్లలో, కమ్యూనిటీ సెంటర్లలో కూడా వాయించారు. టీషర్టుల విషయం కాస్త తమాషా. వీళ్లు అమ్మకపోతే వేరేవాళ్లు 'ఇది ఫుగాజీ టీషర్ట్ కాదు' అని అచ్చేసి అమ్ముకున్నారు!

అపోహ: 'ఎండ్ హిట్స్' ఆల్బమ్‌తో వీడ్కోలు చెప్పేశారు.

వాస్తవం: 1998లో ఆ పేరు చూసి చాలామంది అలాగే అనుకున్నారు. 2001లో 'ది ఆర్గ్యుమెంట్' వచ్చింది. నన్నడిగితే వాళ్ల రికార్డింగుల్లో అన్నిటికన్నా బాగా కుదిరింది అదే. చివరి షో 2002 నవంబరులో లండన్‌లో. విడిపోయామని మాత్రం ప్రకటించలేదు, విరామం అన్నారు.

ఆ విరామంలో బయటికొచ్చిన పని చూస్తే నాకు అసూయ. ఆడిన వెయ్యికి పైగా షోల్లో 800కు పైగా వాళ్ల సౌండ్ మనుషులు టేపుల మీద పట్టి ఉంచారు. 2011 నుంచి వాటిని ఒక్కొక్కటిగా, తేదీ, ఊరు, హాలు పేరుతో సహా అమ్మకానికి పెట్టారు. అడిగే ధర అప్పుడూ 5 డాలర్లే. 1 నుంచి 100 దాకా ఎవరికి తోచినంత వాళ్లు ఇవ్వొచ్చన్నారు.

నా హార్డ్ డిస్కులో 'ఫైనల్', 'ఫైనల్ 2', 'ఫైనల్ కొత్తది' అనే ఫోల్డర్లున్నాయి. ఏది ఏ బ్యాండ్‌దో ఇంకా తేలలేదు.