యూకేలో అసైలం, పని హక్కు: నేను రోజూ వినే అపోహలు

లండన్‌లో ఇమిగ్రేషన్ సలహాలు ఇవ్వడం నా పని. వారానికి ఒక్కరైనా ఫోన్ చేసి, "అన్నా, వీసా అయిపోయింది, అసైలం వేస్తే పని చేసుకోవచ్చంట కదా" అంటారు. (అసైలం అంటే సొంత దేశంలో ప్రాణభయం ఉందని ఇక్కడ శరణు కోరడం.) ఎవరు చెప్పారంటే రూమ్మేట్. ఆ రూమ్మేట్‌కి ఇంకో రూమ్మేట్.

అపోహ: అసైలం వేస్తే వర్క్ పర్మిట్ వచ్చినట్టే.

కాదు. వీసా గడువు దాటాక దరఖాస్తు పెడితే మామూలుగా పని హక్కు ఉండదు. 12 నెలలు దాటినా హోమ్ ఆఫీస్ (ఇక్కడి హోం శాఖ) ఏదీ తేల్చకపోతే, ఆ ఆలస్యం మీ వల్ల కాకపోతే, అప్పుడు అనుమతి అడగొచ్చు, ఇచ్చినా ప్రభుత్వం ఒప్పుకునే కొన్ని రకాల ఉద్యోగాలకే. ఈలోపు గడవడం కష్టమని చూపిస్తే వసతి, వారం ఖర్చులకి కొద్దిపాటి డబ్బు ఇస్తారు. పాస్‌పోర్ట్ హోమ్ ఆఫీస్ దగ్గరే ఉంటుంది. నాన్న పోయాడని ఫోన్ వస్తే ఊరెళ్లలేక నా ముందు కూర్చుని ఏడ్చిన అబ్బాయి ఉన్నాడు. కథ అమ్మిన ఏజెంట్ ఈ సంగతి ముందే చెప్పడు కదా.

అవును, కథలు అమ్ముతారు. "ఊళ్లో పార్టీ గొడవలు, ప్రాణభయం" అని రెండు పేజీలు. ఇద్దరు వేర్వేరు మనుషుల దగ్గర అదే కథ, అదే స్పెల్లింగ్ తప్పుతో చూశాను. ఊళ్లో భయముంటే హైదరాబాద్‌లోనో పుణెలోనో ఎందుకు బతకలేవు అన్నది ఇంటర్వ్యూలో ఎలాగూ వచ్చే ప్రశ్న, దానికి ఆ రెండు పేజీల్లో జవాబు ఉండదు. పైగా 2024లో ఇండియాని సురక్షిత దేశాల జాబితాలో చేర్చారు. అలాగని మనవాళ్లకి అసైలం రానే రాదనుకోవడమూ తప్పే. కులాంతర పెళ్లి చేసుకుని, ఏ ఊరు మారినా వెతుక్కుంటూ వచ్చే కుటుంబం ఉన్నవాళ్లు నిజంగానే ఉన్నారు. ఈ అరువు కథల దెబ్బ ముందు తగిలేది వాళ్లకే.

అపోహ: "ఆ కుర్రాడికి పేపర్లు లేవని నాకు తెలీదు" అంటే ఓనర్‌ని వదిలేస్తారు.

సివిల్ పెనాల్టీకి, అంటే పని హక్కు లేనివాళ్లని పెట్టుకున్నందుకు ఓనర్‌కి వేసే జరిమానాకి, మీకు తెలుసా లేదా అన్నది లెక్కే కాదు. 2024 ఫిబ్రవరి 13 నుంచి మొదటిసారి దొరికితే మనిషికి 45 వేల పౌండ్ల వరకు, మళ్లీ దొరికితే 60 వేల వరకు. తెలిసే పెట్టుకున్నారని తేలితే 5 ఏళ్ల దాకా జైలు కూడా.

మొన్న ఒక టేకవే ఓనర్ వచ్చి, "చెక్ చేశానండీ" అని వాట్సాప్ తెరిచాడు. షేర్ కోడ్ (పని హక్కు చూపించడానికి ఉద్యోగి ఆన్‌లైన్‌లో తీసుకునే కోడ్) పేజీ స్క్రీన్‌షాట్, కుర్రాడే పంపింది. అది చెల్లదు. కోడ్, పుట్టిన తేదీ తీసుకుని మీరే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో యజమానుల పేజీలో కొట్టాలి, ఫొటోలో ఉన్నది ఎదురుగా నిలబడ్డవాడేనా చూడాలి, తేదీతో ఆ పేజీ దాచుకోవాలి, అదీ పనిలో చేరకముందే. స్టూడెంట్ అయితే కాలేజీ టర్మ్ తేదీలు కూడా తీసుకుని దాచుకోవాలి. మొత్తం కలిపి ఐదు నిమిషాల పని, దానికి బద్ధకించి ఈ టెన్షన్ ఎందుకో నాకు అర్థం కాదు. చెక్ చేస్తే అందరికీ చెయ్యండి, రంగు చూసో యాస చూసో కొందరినే అడిగితే అది వివక్ష కేసు.

ఇక ఫుడ్ డెలివరీ యాప్‌లలో ఇంకొకరి అకౌంట్ అద్దెకు తీసుకునే స్టూడెంట్ వీసా పిల్లలకి ఒక మాట. "వారానికి 20 గంటల లోపే కదా" అంటారు. ఆ యాప్‌లలో మామూలుగా మీరు సెల్ఫ్ ఎంప్లాయ్డ్ (ఉద్యోగి కాదు, సొంతంగా పని చేసుకునేవాళ్లు) కిందికి వస్తారు, స్టూడెంట్ వీసాలో అది ఒక్క గంట చేసినా ఉల్లంఘనే.

ఎవరికైనా ఫీజు కట్టే ముందు వాళ్ల పేరు ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ (ఇమిగ్రేషన్ సలహాదారుల్ని నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) రిజిస్టర్‌లో ఉందో లేదో వెతకండి, సొలిసిటర్ (లాయర్) అయితే సొలిసిటర్ల రిజిస్టర్‌లో. నా పేరు కూడా వెతికాకే రండి.