వెరీ, చాలా, భారి: పిల్లలకు ఒక ఉత్తరం

పర్లాకిమిడి

గుణుపురంలోని చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీరు ఇంగ్లీషులో రాసి పంపిన ఉత్తరం అందింది. అందులో ‘ఐ వెరీ లైక్ మహేంద్రగిరి’ అన్న వాక్యం దగ్గర కాసేపు ఆగాను. ‘నాకు చాలా ఇష్టం’ అనే మన వాక్యంలోని ‘చాలా’ను తీసి అక్కడ ‘వెరీ’ని కూర్చోబెట్టారు. ఇంగ్లీషులో ‘వెరీ’ గుణాన్ని చెప్పే మాటల ముందు నిలుస్తుందే గాని ఒంటరిగా క్రియకు అంటుకోదు; వాక్యం చివర ‘వెరీ మచ్’ అనాలి. తప్పు చిన్నదే. కాని ఆ మాట పుట్టుక మీకు తెలియాలని నా కోరిక.

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత, వారి ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చి చేరిన వేల మాటల్లో ఇదీ ఒకటి. దాని మూలం లాటిన్ ‘వేరుస్’, అంటే ‘నిజమైన’. 14వ శతాబ్ది చివర చాసర్ మహాకవి ఒక వీరుణ్ణి ఈ మాటతో వర్ణించినప్పుడు ఆయన చెప్పదలచినది ‘నిజమైన వీరుడు’ అనే. న్యాయస్థానపు ‘వెర్డిక్ట్’ కూడా ఆ కుదురులోనిదే. నిజంగా పలికినది అని దాని అర్థం. ‘నిజంగా మంచివాడు’ అని తరతరాలుగా అనగా అనగా ‘నిజంగా’ అరిగిపోయి ‘మిక్కిలి’ మిగిలింది. అయినా పాత అర్థపు జాడ పూర్తిగా చెరగలేదు: ‘దిస్ వెరీ డే’ అంటే ‘సరిగ్గా ఈ రోజే’. ఈ మాట రాకముందు ఇంగ్లీషువారు ‘స్విథే’ అనేవారు. ‘బలంగా’ అని దాని అసలు అర్థం.

మన ‘చాలా’ మాత్రం ‘చాలు’ నుంచి వచ్చింది. నాయనమ్మ వడ్డిస్తుంటే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి మీరు అనే ‘చాలు’ అదే. సరిపడినంత అన్న మాటే మనకు అధికాన్ని చెప్పే మాట కావడం నాకు ఎంతో అందంగా తోస్తుంది. మీ ఒడియా స్నేహితులు ‘భారి సుందర’ అంటారు కదా, అందులోని ‘భారి’ బరువు నుంచి పుట్టింది. ఇంగ్లీషు నిజాన్ని, తెలుగు తృప్తిని, ఒడియా బరువును పిలిచి ఒకే పని అప్పగించాయి.

గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లో ఉంటూ సవరల నోటి నుంచే వారి భాష నేర్చుకొన్నారు. మీ తరగతిలోని సవర పిల్లలను మీరూ అలాగే అడిగి, ‘కొండ చాలా ఎత్తు’ అని వారు ఎలా అంటారో వచ్చే ఉత్తరంలో తెలుగు లిపిలో రాయండి.

ఇట్లు
మీ తాతయ్య