అల ఆగాలంటే

చిన్నూ, అమ్మలూ,

ఆర్కే బీచ్‌లో పొద్దు పొడిచాక తీసి పంపిన అల ఫొటో చూశాను. వెలుతురు చక్కగా కుదిరింది. తుంపరలు మాత్రం అలుక్కుపోయాయి. షట్టర్ (వెలుతురు లోపలికి వచ్చే సమయం) 1/30 సెకను, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం) ఎఫ్ 11, ఐఎస్ఓ (అందిన వెలుతురుని ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 100 అని రాశారు. 1/30 సెకను మనకి రెప్పపాటు కూడా కాదు కానీ, ఈలోపు అల కదిలిపోతుంది. తుంపర గాల్లో ముత్యంలా నిలబడాలంటే 1/1000 పెట్టండి.

పెడితే ఫొటో నల్లబడుతుంది, కంగారు పడకండి. 1/60, 1/125, 1/250, 1/500, 1/1000 అని వేళ్ల మీద లెక్కపెట్టండి. ఐదు మెట్లు. మెట్టుకి సగం చొప్పున వెలుతురు 32వ వంతుకి పడిపోయింది. ఆ ఐదు మెట్లూ ఇంకెక్కడైనా తిరిగి రాబట్టుకోవాలి. ఎపర్చర్‌ని 11 నుంచి 8, 5.6, 4 కి తెరిస్తే మూడు వచ్చేశాయి. అంకె తగ్గితే రంధ్రం పెరగడమేమిటని అమ్మలు అడుగుతుంది. లెన్స్ మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే ఫోకల్ లెంగ్త్‌ని రంధ్రం వెడల్పుతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. 50 మిల్లీమీటర్ల లెన్స్‌లో రంధ్రం 25 ఉంటే ఎఫ్ 2 అన్నమాట. మిగతా రెండు మెట్లకి ఐఎస్ఓని 400 చేయండి.

ఏదీ ఊరికే రాదు. ఎపర్చర్ తెరిచారు కాబట్టి అల వెనక దూరంగా ఆగిన ఓడ కాస్త మసకబారుతుంది. ఐఎస్ఓ అయితే రేడియో వాల్యూమ్ లాంటిది. స్టేషన్ సన్నగా వస్తుంటే పెంచుతాం, పాటతోపాటు గరగరా పెరుగుతుంది. ఫొటోలో ఆ గరగరే చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. 400 కి భయం లేదు. నా రోజుల్లో 100 రీలు వేస్తే 36 ఫొటోలూ దాంతోనే సర్దుకోవాల్సి వచ్చేది. సాయంత్రం హార్బర్‌కి పడవలు తిరిగొస్తుంటే తీయలేక ఎన్నిసార్లు ఉసూరుమన్నానో!

ఇక కురుసుర ఫొటో. 2002 నుంచి ఆ ఇసుకలో మ్యూజియంగా ఉన్న సబ్‌మెరైన్ నల్లగా ఉండాలి కదా, మీ ఫొటోలో బూడిద రంగులో ఉంది, ఆకాశం తెల్లకాగితంలా అయిపోయింది. తప్పు మీది కాదు, కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుది. ఎదురుగా ఏమున్నా నడిమి బూడిద రంగుకి తేవాలని చూస్తుంది. ఫ్రేమంతా నలుపే నిండేసరికి చీకటనుకుని వెలుతురు పెంచేసింది. ఎపర్చర్ మోడ్‌లో (ఎపర్చర్ మీరు పెడితే షట్టర్ కెమెరాయే చూసుకుంటుంది) పెట్టి, ప్లస్ మైనస్ గుర్తున్న బటన్ నొక్కి మైనస్ 1 కి జరపండి. తెల్లటి నురగే ఫ్రేమంతా ఉంటే ప్లస్ వైపు.

ఆదివారం మళ్లీ వెళ్తారుగా. అదే అలని 1/30 లో ఒకటి, 1/1000 లో ఒకటి తీసి రెండూ పంపండి.

మీ తాతయ్య