భేరామారాలో కరెంటు తాళం మార్చే గది

పశ్చిమ బెంగాల్‌లోని బహరంపూర్ నుంచి సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లోని భేరామారా దాకా 400 కిలోవోల్టుల లైను వెళ్తుంది. అటూ ఇటూ వాడేది సెకనుకు 50 సార్లు ఊగే కరెంటే. అయినా తీగకు తీగ ముడేస్తే కుదరదు.

50 అనేది కాగితం మీది మాట. వాడకం పెరిగితే ఆ ఊపు కాస్త తగ్గుతుంది, తగ్గితే పెరుగుతుంది. రెండు గ్రిడ్లు, అంటే రెండు దేశాల కరెంటు తీగల అల్లికలు, నేరుగా కలిశాయంటే రెండూ ఒకే తాళానికి ఆడాలి. కోలాటంలో ఒక్కరు తాళం తప్పినా దెబ్బ పక్కవాళ్ల వేళ్ల మీదే కదా!

అందుకే భేరామారాలో మధ్యవర్తిని పెట్టారు. భారత్ నుంచి వచ్చిన ఏసీని, అంటే ఊగే కరెంటును, థైరిస్టర్లనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు డీసీగా, అంటే ఒకే దిక్కున పారే కరెంటుగా మారుస్తాయి. డీసీకి ఊపే లేదు, తాళం గొడవా లేదు. ఆ పక్కనే దాన్ని మళ్లీ ఏసీగా, ఈసారి బంగ్లాదేశ్ తాళానికి మారుస్తారు. వంద కిలోమీటర్ల లైనులో డీసీ ఉండేది ఈ ఒక్క స్టేషన్ లోపలే. టవర్ల కంటే నాకు ఇదే ముచ్చటగా ఉంటుంది. 2013లో 500 మెగావాట్లతో మొదలై, 2018లో ఇంకో 500 చేరింది.

ఇలాంటిది మన గాజువాకలోనూ ఉంది. 2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలినా దక్షిణాది నిలబడింది. అప్పట్లో మనల్ని వాటితో కలిపింది ఇలాంటి డీసీ లింకులే. 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ లైనుతో మనమూ దేశమంతటి తాళంలో కలిశాం.

డీసీ అవతలి కుదుపును ఆపుతుంది గానీ, ఆగిపోయిన కరెంటును తెచ్చివ్వలేదు. 2014 నవంబరు 1న భేరామారా స్టేషన్ ట్రిప్ అయింది. సుమారు 450 మెగావాట్లు ఒక్కసారిగా పోవడంతో ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు ఊగే లెక్క, పడిపోయింది, మిగతా ప్లాంట్లూ వరసగా ఆగిపోయాయి. బంగ్లాదేశ్ అంతా చీకటి. ఇటు మనకు చీమ కుట్టినట్టు కూడా లేదు.

నేపాల్‌తో ఈ మధ్యవర్తి లేదు. అక్కడి ఢల్కేబర్ నుంచి బిహార్‌లోని ముజఫర్‌పూర్ దాకా ఉన్న లైను నేరుగా ఏసీయే. వానాకాలం నదులు నిండితే నేపాల్ అమ్ముతుంది, చలికాలం కొంటుంది. 2024 నవంబరు 15న నేపాల్ తొలిసారి మన గ్రిడ్ మీదుగా బంగ్లాదేశ్‌కు 40 మెగావాట్లు అమ్మింది. ఢాకాలో వెలిగిన బల్బులో ఉన్నది హిమాలయాల నీటి కరెంటే అని ఎవరూ చూపించలేరు. ముజఫర్‌పూర్ మీటరులో పడినంత భేరామారాలో తీసుకోవడం, డబ్బు లెక్క చూసుకోవడం, అంతే.