టీవీ స్టాండు కింద టిక్ టిక్: దాని వెనక కథ

విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో స్క్రీన్ పోయిన పాత ల్యాప్‌టాప్ ఒకటి టీవీ స్టాండు కింద హోమ్ సర్వర్‌గా పడి ఉంటుంది, ఫొటోలు, అమ్మ వినే పాటలు అన్నీ అందులోనే. ఒక రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగింది, అప్పుడు వినిపించింది: టిక్. కాసేపటికి మళ్లీ టిక్. హార్డ్ డిస్కు ఆరోగ్యం చూపించే స్మార్ట్‌సీటీఎల్ అనే ప్రోగ్రామ్‌తో చూస్తే 193వ వరసలో లోడ్ సైకిల్ కౌంట్ (డేటా చదివి రాసే హెడ్ ఎన్నిసార్లు పక్కకెళ్లి పార్కయిందో ఆ లెక్క, ఆ కదలికదే ఈ టిక్) 4 లక్షలు దాటేసింది, గంట ఆగి చూస్తే ఇంకో 94 పెరిగింది. అంటే రోజుకు 2,256. ల్యాప్‌టాప్ డిస్కులకు మామూలుగా చెప్పే హద్దు 6 లక్షలు, ఈ లెక్కన కొత్త డిస్కైనా తొమ్మిది నెలల్లో ఆ హద్దు చేరుతుంది.

దీని మూలం చాలా పాతది. విండోస్‌కు ముందు నాటి డాస్ రోజుల్లో మెషిన్ ఆపే ముందు 'పార్క్' అని మనమే కమాండ్ కొట్టాల్సి వచ్చేది, లేకపోతే కదిలించినప్పుడు డేటా ఉండే గుండ్రటి పళ్లేన్ని హెడ్ గీకేసే ప్రమాదం. తర్వాత హెడ్లు వాటంతటవే పక్కకు తప్పుకున్నాయి, అయినా చాలా ఏళ్లు పళ్లెం లోపలి అంచు మీదే దిగేవి. 1990లలో ల్యాప్‌టాప్ డిస్కుల్లోకి ర్యాంప్ వచ్చింది. పళ్లెం అంచున చిన్న ప్లాస్టిక్ వాలు, పని లేనప్పుడు హెడ్ దాని మీదికెక్కి కూర్చుంటుంది. ఒళ్లో పెట్టుకునే మెషిన్‌కు భలే ఏర్పాటు: కుదిపినా దెబ్బ తగలదు, గాలి రాపిడి తగ్గి బ్యాటరీ కొంచెం మిగులుతుంది.

చిక్కల్లా నా సర్వర్‌లో నడిచే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ అలవాటుతో వచ్చింది. అది ఊరికే ఉండదు, తన పనుల చిట్టాలో (లాగ్) ఏదో ఒక ముక్క రాస్తూనే ఉంటుంది. హెడ్ ఇలా కూర్చుంటుందో లేదో అలా లేపుతుంది. 2007లో లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటు డిస్కుల్ని చంపేస్తోందని పెద్ద గోల అయింది, తీరా చూస్తే చాలా వాటిలో ఆ తొందరపాటు డిస్కు లోపలి ప్రోగ్రామ్‌లోనో (ఫర్మ్‌వేర్) మెషిన్‌ను లేపే బయోస్‌లోనో ముందే ఉన్న సెట్టింగ్‌ది. ఆ రోజుల్లోనే వెస్టర్న్ డిజిటల్ గ్రీన్ డిస్కులు ఇదే పొదుపును డెస్క్‌టాప్‌కు తెచ్చాయి: 8 సెకన్లు ఖాళీగా ఉంటే చాలు, హెడ్ పార్కు. వాటి హద్దు 3 లక్షలు. జనం డబ్ల్యూడీఐడిల్3 అనే డాస్ ప్రోగ్రామ్‌తో ఆ 8ని 300 చేసుకున్నారు. నన్నడిగితే తప్పు పొదుపుది కాదు, పగలంతా పడుకునే మెషిన్ కోసం పెట్టిన టైమర్‌ను 24 గంటలూ మేలుకునే మెషిన్‌లో అలాగే వదిలేయడానిది.

సరే, డిస్కు పొదుపును బాగా తగ్గించే 'హెచ్‌డీపార్మ్ -బి 254' అనే కమాండ్ కొట్టాను, టిక్ ఆగింది. వేడి కాస్త పెరుగుతుంది, మే నెలలో మన ఊళ్లో దాని మీదా ఓ కన్నుండాలి. వారానికి గాలివాన వచ్చి (హుద్‌హుద్ చూసిన ఊరు కదా, గాలి లేస్తేనే మాకు టెన్షన్) కరెంటు మూడు గంటలు పోయింది, అరగంట బ్యాటరీ ఎక్కడ ఆగుతుంది? ఇలా ఒక్కసారిగా ఆరిపోతే హెడ్ విసురుగా వెనక్కి లాక్కుంటుంది, మామూలు పార్కింగ్ కంటే అదే మోటు దెబ్బ, 192వ వరసలో విడిగా లెక్క పడుతుంది. పైగా మళ్లీ ఆన్ అయ్యాక నా 254 కాస్తా ఎగిరిపోయింది, పవర్ పోతే డిస్కు దాన్ని మర్చిపోతుంది మరి. నాలుగు రోజుల తర్వాత అమ్మే అడిగింది, "ఏరా, మళ్లీ ఆ చప్పుడేంటి?" అని. అప్పుడు హెచ్‌డీపార్మ్ సెట్టింగ్‌ల ఫైల్లో (కాన్ఫ్) రాసిపెట్టాను, ఆన్ అయిన ప్రతిసారీ అదే వేసుకునేలా. నిన్న రాత్రి గంటలో పెరిగింది 1.